లంబసింగిలో ‘టక్... టక్... టక్’

పొద్దున్న ఆరూ ఇరవై. తాళం తిప్పాను. ‘టక్... టక్... టక్’ అని గోడ మీద బల్లి పలికినట్టు ఓ చిన్న చప్పుడు. అంతే! కారు స్టార్ట్ కాలేదు. మళ్లీ తిప్పాను. మళ్లీ అదే బల్లి.

బయట ఫోన్ లెక్క ప్రకారం 6 డిగ్రీలు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, పది అడుగుల దూరంలో ఉన్న చింతచెట్టు కూడా కనబడటం లేదు. వెనక సీట్లో అమ్మ, పక్క సీట్లో నాన్న. అమ్మ పక్కన, ఒళ్లో పుస్తకాల సంచి పెట్టుకుని మా హోమ్‌స్టే బాబాయ్ గారి అమ్మాయి. ఆ అమ్మాయికి తొమ్మిదింటికి నర్సీపట్నంలో డిగ్రీ సెమిస్టర్ పరీక్ష. ఎనిమిదీ నలభై అయిదుకల్లా హాల్లో ఉండాలి.

ఆ పరీక్షకి దింపుతానని మాటిచ్చింది నేనే.

అమ్మ కోరిక

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. అమ్మానాన్నలు రాజమండ్రిలో ఉంటారు. నాన్న హైస్కూల్లో సైన్స్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. టీవీలో ఎప్పుడు లంబసింగి చూపించినా అమ్మ పని ఆపేసి చూస్తుంది. “ఆంధ్రా కశ్మీర్ అంట. మన రాష్ట్రంలోనే ఉంది, మనమే చూడలేదు” అంటుంది. నాలుగేళ్లుగా ఇదే మాట. పోయిన డిసెంబర్లో నాలుగు రోజులు సెలవు దొరికింది. నా సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారులో ఇద్దర్నీ ఎక్కించుకుని ఆదివారం మధ్యాహ్నం బయల్దేరాను.

బయల్దేరే ముందు జరిగిన ఓ చిన్న విషయం చెప్పాలి. దాచుకుంటే ఈ కథే లేదు. వారం క్రితం సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు మెకానిక్ “సార్, బ్యాటరీకి ఐదేళ్లు దాటింది. మార్చేస్తే మంచిది” అన్నాడు. నాన్న కూడా “మార్చేయరా, కొండల్లోకి పోతున్నాం” అన్నారు. నేను నవ్వి, “రోజూ ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతోంది నాన్నా. వాళ్లంతే, ఏదో ఒకటి అంటగట్టాలని చూస్తారు. వచ్చాక చూద్దాం” అన్నాను. నాన్న ఇంకేం మాట్లాడలేదు.

తుని దాటి నర్సీపట్నం చేరేసరికి సాయంత్రం అయింది. అక్కడి నుంచి డౌనూరు మీదుగా ఘాట్ మొదలవుతుంది. ఒక్కో మలుపుకీ చల్లదనం పెరుగుతూ ఉంటుంది. అమ్మ ముందు అద్దం ఎక్కించింది, తర్వాత శాలువా తీసింది, ఆ తర్వాత నాన్న మఫ్లర్ కూడా లాక్కుంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలం. చలికాలంలో ఇక్కడ ఉష్ణోగ్రత ఐదుకీ ఆరుకీ దిగడం మామూలే. కొన్నేళ్లు సున్నాకి దగ్గరగా కూడా వెళ్లింది. ఈ ఊరికి ‘కొర్రబయలు’ అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతాడట! మనిషి సంగతేమో గానీ, కారు విషయంలో మాత్రం ఆ పేరు నిజమని నాకు తర్వాత తెలిసొచ్చింది.

మబ్బుల పైన ఒక రోజు

మేం దిగిన ఇల్లు రోడ్డుకి వంద గజాల పైన, చిన్న ఎత్తు మీద ఉంది. ముందు మట్టి వాకిలి, వెనక కాఫీ తోట. బాబాయ్, పిన్నిగారు, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి. రెండు గదులు టూరిస్టులకి ఇస్తారు. వాకిట్లో కారు ఆపి తాళం తీశాక, మళ్లీ మంగళవారం పొద్దున్న దాకా దాన్ని ముట్టుకోలేదు.

సోమవారం తెల్లవారుజామున ఓ లోకల్ జీపు మాట్లాడుకుని చెరువులవేనం కొండెక్కాం. పైన నిలబడితే కింద లోయంతా తెల్లగా పాలు పొంగినట్టు మబ్బులు. అందులోంచి అక్కడక్కడా కొండ కొసలు లంకల్లా పైకి లేచి ఉన్నాయి. సూర్యుడు రాగానే ఆ తెలుపంతా కాసేపు పసుపురంగుకి తిరిగింది. అమ్మ ఫోటోలు వద్దంది. “ముందు చూడనీయరా” అని ఓ బండ మీద కూర్చుండిపోయింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి కిందికి దిగేటప్పుడు ఒక్కసారి కూడా నొప్పి మాట ఎత్తలేదు.

ఎండెక్కాక తాజంగి రిజర్వాయర్ దగ్గరికి వెళ్లాం. దారి పొడుగునా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. కాఫీ పళ్లు ఎర్రగా పండి కోతకొచ్చే కాలం అది. కొన్ని ఇళ్ల ముందు ఆ గింజల్ని ఆరబోసి ఉన్నాయి. దారి పక్కన స్ట్రాబెర్రీలు అమ్ముతున్నారు. వెదురుబొంగులో మసాలా పట్టించిన కోడి కూరి నిప్పుల మీద కాలుస్తున్నారు. బొంగులో చికెన్ గురించి ఎంత రాసినా తక్కువే, కానీ ఈసారికి వదిలేస్తున్నాను.

నాన్నకి మాత్రం వేరే ధ్యాస. చింతపల్లి ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరమే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట దాడి చేసింది అక్కడి పోలీస్ స్టేషన్ మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. “మనం నిన్న ఎక్కొచ్చిన ఘాట్ ఉంది చూశావా, నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించేటప్పుడు బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు మన్యం వాళ్ల చేత గొడ్డుచాకిరీ చేయించుకుని, ఇవ్వాల్సిన కూలి కూడా సరిగ్గా ఇవ్వలేదు. ఆ కడుపుమంట కూడా పితూరీకి ఓ కారణం” అని నాన్న జీపులో పాఠం చెప్పారు. జీపతను స్టీరింగ్ పట్టుకుని తల ఊపుతూ, “మా తాతలు సెప్పేవోరు మేస్టారూ” అన్నాడు.

రాత్రి చలిమంట దగ్గర కూర్చున్నప్పుడు బాబాయ్ మొహమాటంగా అడిగాడు. “రేపు పొద్దున్నే ఎల్లిపోతారు కదా బాబూ. మా పాపకి పరీచ్చుంది. ఎప్పుడూ ముందు రోజు సాయంత్రం బస్సుకి పంపేస్తాను, నర్సీపట్నంలో ఆళ్ల పిన్నింటి కాడ పడుకుంటాది. ఇవాళ ఆళ్లు ఊళ్లో నేరు. మీరెలాగూ అటే కదా...”

“అయ్యో, దానికంత అడగాలా బాబాయ్? ఆరున్నరకి బయల్దేరితే ఎనిమిదికల్లా కాలేజీ గేటు ముందు దింపుతాను” అన్నాను. గొప్పగా అన్నాను.

అసలు జబ్బు ఏది?

అలా అన్న పన్నెండు గంటల్లోపే ఈ ‘టక్ టక్’.

చలిలో కూడా నాకు చెమట పట్టింది. నా ఉద్యోగమంతా ఎక్కడ తప్పు జరిగిందో వెతకడమే. అక్కడ మేం ఒకటే సూత్రం పాటిస్తాం. ఊహించడం మానేసి, ఏది పనిచేస్తోందో ఏది చేయడం లేదో వేరు చెయ్యి. కానీ సొంత కారు, వెనక సీట్లో పరీక్షకి వెళ్లే పిల్ల ఉన్నప్పుడు సూత్రాలు గుర్తుండవు. నేను చేసిందల్లా వరసగా ఏడెనిమిది సార్లు తాళం తిప్పడం. అది చాలా తప్పు. మిగిలిన కాస్త చార్జీని కూడా నేనే తాగించేశాను.

“ఆపరా” అన్నారు నాన్న. అంతసేపటికి ఆయన మాట్లాడిన మొదటి మాట అది. “ఒక్క నిమిషం ఆలోచించు.”

అప్పుడు ఆలోచించాను. మీక్కూడా ఎప్పుడైనా అక్కరకొస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను. కారు స్టార్ట్ కానప్పుడు అది చేసే చప్పుడే సగం జబ్బు చెప్పేస్తుంది.

తాళం తిప్పితే చప్పుడూ లేదు, డాష్‌బోర్డు మీద ఒక్క లైటూ వెలగలేదు అంటే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండాలి, లేదా దాని వైరు ఊడి ఉండాలి. లైట్లన్నీ మామూలుగానే ఉన్నాయి, చప్పుడు మాత్రం లేదంటే స్టార్టర్ మోటారు వైపో, దాని రిలే వైపో చూడాలి. కొన్ని కార్లలో క్లచ్ పూర్తిగా తొక్కకపోయినా ఇదే పరిస్థితి. ఇంజిన్ ‘ర్ర్ర్ర్’ అని జోరుగా తిరుగుతోంది కానీ అందుకోవడం లేదంటే బ్యాటరీ తప్పేం లేదు, పెట్రోలో స్పార్కో అందడం లేదు. డాష్‌బోర్డులో తాళంచెవి బొమ్మ ఆగకుండా మిణుకుతుంటే కారు ఆ తాళాన్ని గుర్తుపట్టలేదన్నమాట, రెండో తాళం పెట్టి చూడాలి.

మాది ఇవేవీ కాదు. లైట్లు వెలుగుతున్నాయి, ‘టక్ టక్’ అంటోంది. అంటే బ్యాటరీ నీరసంగా ఉండాలి, లేదా కనెక్షన్ వదులుగా ఉండాలి.

“లైట్లు వెలుగుతున్నాయి కదా, మరి బ్యాటరీ ఉన్నట్టే కదా?” అంది అమ్మ.

దానికి నాన్నే జవాబు చెప్పారు. “మన ఊళ్లో లో వోల్టేజీ ఉన్నప్పుడు బల్బు వెలిగేది కదా? బోరు మోటారు వేస్తే ఏమయ్యేది? మూలిగి ఊరుకునేది. ఇదీ అంతే.” నిజమే. డాష్‌బోర్డు లైట్లకి ఒకటో రెండో ఆంపియర్లు చాలు. ఇంజిన్‌ని కదిలించడానికి స్టార్టర్ మోటారు ఒక్కసారిగా వంద ఆంపియర్లకి పైనే లాగుతుంది. నీరసపడ్డ బ్యాటరీ అంత ఇవ్వలేదు. లోపలి స్విచ్ పట్టుకుంటుంది, వోల్టేజీ పడిపోతుంది, స్విచ్ వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఆ పట్టూ విడుపుల చప్పుడే మన బల్లి.

రుజువు కోసం అమ్మని కారు ముందు నిలబెట్టి, హెడ్‌లైట్లు వేసి ఒక్కసారి తాళం తిప్పాను.

“కళ్లు మూసేసుకుందిరా” అంది అమ్మ. లైట్లు పూర్తిగా మసకబారిపోయాయి. ఇక అనుమానం లేదు.

వేణ్నీళ్లు, పానా

బానెట్ ఎత్తాను. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ చుట్టూ తెలుపూ పచ్చా కలిసిన పొడి, ఉప్పు పేరుకున్నట్టు. మైనస్ వైపు క్లిప్పు చేత్తో పట్టుకుంటేనే అటూ ఇటూ తిరుగుతోంది. అది అసలు కదలకూడదు.

బాబాయ్ పొయ్యి మీంచి వేణ్నీళ్లు తెచ్చాడు. పిన్నిగారు వంటసోడా పొట్లం ఇచ్చింది. ముందు మైనస్, తర్వాత ప్లస్ క్లిప్పు విప్పాలి. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర్లో మైనస్. ఎందుకంటే మైనస్ వైపు కారు బాడీ మొత్తానికి కలిసి ఉంటుంది. అది తగిలి ఉండగా ప్లస్ మీద పెట్టిన పానా పొరపాటున ఏ ఇనుముకి తగిలినా నిప్పులు రేగుతాయి. ఇంతా తెలుసు కానీ నా దగ్గర పానా లేదు! టూల్ కిట్‌లో జాకీ, వీల్ స్పానర్ మాత్రమే ఉన్నాయి. బాబాయ్ పక్కింటికి పరిగెత్తి ఎవరి బైకుదో 10 నంబర్ పానా తెచ్చాడు. సోడా నీళ్లు పోస్తే ఆ పొడి బుసబుసమని నురగ కక్కింది. పాత టూత్‌బ్రష్‌తో తోమి, తుడిచి, బిగించాను.

తాళం తిప్పాను. ‘ర్ర్... ర్... ర్.’ ఒక్క అర చుట్టు తిరిగి ఆగిపోయింది. ఇందాకటి కంటే మెరుగే, కానీ చాలదు. టెర్మినల్ ఒక తప్పు. అసలు తప్పు బ్యాటరీలోనే ఉంది.

టైము ఆరూ యాభై.

అమ్మాయి కారు దిగి అరుగు మీద కూర్చుంది. పుస్తకం తీసింది కానీ పేజీ తిప్పడం లేదు. “బస్సు ఉంటుందా?” అని అడిగాను. “ఉంటాది అన్నయ్యా. ఈ చలికాలం ఎప్పుడొస్తాదో దానికే తెలీదు” అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో. నిన్నటి జీపతనికి ఫోన్ చేస్తే స్విచాఫ్. పక్కింటి కుర్రాడు బైకు మీద దింపుతానన్నాడు. బాబాయ్ ఒప్పుకోలేదు. “ఈ మంచులో, ఘాటీలో, బండి మీదా? పరీచ్చ పోతే పోయింది గానీ ఒద్దు” అన్నాడు.

పరీక్ష పోతే పోయింది అన్న ఆ మాట నాకు గుచ్చుకుంది. నిన్న సాయంత్రం నేను సరేననకపోయి ఉంటే, ఈపాటికి ఆ పిల్ల ఏదో ఒక దారి చూసుకుని నర్సీపట్నంలో ఉండేది.

వంద గజాల దిగువ

మిగిలింది తోసి స్టార్ట్ చేయడం. మాది గేర్లు మార్చే కారు కాబట్టి ఆ అవకాశం ఉంది. ఆటోమేటిక్ అయితే ఆ మాటే లేదు. ఇంటి నుంచి రోడ్డుకి వంద గజాల దిగువ. ఇగ్నిషన్ ఆన్, రెండో గేరు, క్లచ్ పూర్తిగా లోపలికి. బాబాయ్, పక్కింటి కుర్రాడు, నాన్న వెనక నుంచి తోశారు. రిటైరైన మనిషిని వద్దంటున్నా వినరు. పదిహేను కిలోమీటర్ల వేగం వచ్చాక క్లచ్ ఠక్కున వదలాలి. చక్రాలు ఇంజిన్‌ని తిప్పుతాయి.

నేను కంగారులో తొందరపడ్డాను. వేగం సరిపోకముందే వదిలేశాను. కారు ఒక్క కుదుపు కుదిపి, రెండు దగ్గులు దగ్గి ఆగింది. మళ్లీ క్లచ్ తొక్కేసరికి దిగువ అయిపోయింది. రోడ్డు పక్కన చదును మీద నిలబడిపోయాం. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బ్రేకూ స్టీరింగూ రాయిలా బిగుసుకుపోతాయన్న విషయం కూడా అప్పుడే తెలిసింది. బలమంతా పెట్టి తొక్కితే గానీ ఆగలేదు. ఎవరైనా ఈ పని చేస్తే ముందు ఎదురుగా ఏముందో చూసుకోండి. ఘాట్ మలుపుల్లో మాత్రం అసలు వద్దు.

ఏడూ ఐదు. రోడ్డు మీద కిందికి దిగే బండి ఒక్కటీ లేదు. అన్నీ పైకి వచ్చేవే.

ముందు ఓ లోడు లారీ ఆగింది. డ్రైవర్ దిగొచ్చి బానెట్‌లోకి చూసి, “జంపర్ వైర్లున్నాయా?” అన్నాడు. ఉన్నాయి, ఆన్‌లైన్‌లో కొన్నవి. సంబరంగా తీశాను. ఆయన నవ్వి, “నా బండికి కాదయ్యా. నాది ఇరవై నాలుగు వోల్టులు, నీది పన్నెండు. కలిపితే నీ కంప్యూటర్లన్నీ కాలిపోతాయి. కారో జీపో వస్తే అడుగు” అన్నాడు. పెద్ద లారీలకీ బస్సులకీ రెండు పన్నెండు వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. ఆయన చెప్పకపోతే నేను అడిగేవాణ్నే, తగిలించేవాణ్నే. ఇంజినీరింగ్ డిగ్రీ నాది!

తర్వాత వచ్చింది చింతపల్లి వైపు ఖాళీగా వెళ్తున్న బొలెరో పికప్. బాబాయ్‌కి తెలిసిన మనిషే. విషయం వినగానే, అడక్కుండానే బండి తిప్పి, ముక్కూ ముక్కూ ఎదురుగా పెట్టాడు. రెండు బళ్లూ ఒకదానికొకటి తగలకూడదు.

ఎర్ర వైరు, నల్ల వైరు

ఇక్కడ నాన్న లోపలి మాస్టారు నిద్ర లేచారు. “వరస తప్పకూడదు. ముందు ఎర్రది. మన ప్లస్‌కి ఒక కొస, వాళ్ల ప్లస్‌కి రెండో కొస. తర్వాత నల్లది. వాళ్ల మైనస్‌కి ఒక కొస. రెండో కొస మన బ్యాటరీకి కాదు, దూరంగా ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకి.”

“బ్యాటరీకి పెడితే ఏటవుద్ది మేస్టారూ?” అన్నాడు బొలెరో అతను.

“చివరి కొస తగిలించినప్పుడు నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు. రెండూ ఒకచోట వద్దు.”

బొలెరో ఇంజిన్ ఆన్ చేసి ఉంచాడు. నేను వెంటనే తాళం తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. “నీ వైరు సూస్తే బట్టలారేసుకునే తాడులాగుంది బాబూ. దీంట్లోంచి ఒక్క దెబ్బకి కరెంటంతా రాదు. పది నిమిషాలు ఆగు. నీ బ్యాటరీకి కాస్త ఎక్కనీ.”

ఆ పది నిమిషాలంత పొడుగు నిమిషాలు నేనెప్పుడూ చూడలేదు. పిన్నిగారు అందరికీ కాఫీ తెచ్చింది. వాళ్ల తోటదే. ఒక్క గుక్క కూడా రుచి తెలియలేదు. అమ్మాయి మా పక్కన వచ్చి నిలబడింది. సంచి భుజానికి తగిలించుకునే ఉంది.

ఏడూ ఇరవై రెండు. క్లచ్ తొక్కాను. ఏసీ, లైట్లు, ఫ్యాన్ అన్నీ ఆపాను. తాళం తిప్పాను.

‘ర్ర్... ర్ర్... ర్ర్ర్ర్... బ్రూమ్!’

అమ్మ చప్పట్లు కొట్టింది. బాబాయ్ ఏం మాట్లాడకుండా వెనక తలుపు తెరిచి కూతుర్ని ఎక్కించాడు. వైర్లు తగిలించిన వరసకి సరిగ్గా తిరగేసి తీశాం. బొలెరో అతనికి డబ్బులివ్వబోతే, “ఆటికేటి గానీ, ఇంజిన్ మాత్రం ఆపకు బాబూ. ఎక్కడా ఆపకు” అని వెళ్లిపోయాడు.

ఆపకుండా దిగిన ఘాట్

ఘాట్‌లో తొందరపడితే కుదరదు. మంచులో ముందు బండి వెనక లైట్లు కూడా కనబడటం లేదు. హెడ్‌లైట్లు పైకి వేస్తే ఎదురుగా తెల్ల గోడ. కిందికి వంచి, ఎడమ అంచు చూసుకుంటూ, మలుపు మలుపుకీ హారన్ కొడుతూ రెండో గేర్లోనే దిగాను. బండి ఎక్కడైనా ఆగిపోతుందేమోనని నా ఎడమ కాలు క్లచ్ మీద వణుకుతోంది. ఒకచోట ఎదురుగా టూరిస్టు బస్సు వస్తే పది నిమిషాలు నిలబడాల్సి వచ్చింది. అంతసేపూ యాక్సిలరేటర్ మీద కాలు తియ్యలేదు.

వెనక అమ్మాయి మెల్లగా పుస్తకం తెరిచింది. నాన్న వెనక్కి తిరిగి “ఏ పరీక్షమ్మా ఇవాళ?” అన్నారు.

“ఫిజిక్స్ సార్.”

“ఏ యూనిట్?”

“కరెంట్ ఎలక్ట్రిసిటీ కూడా ఉంది.”

కారులో ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత అందరికంటే ముందు నవ్వింది ఆ అమ్మాయే. డౌనూరు దాటేదాకా నాన్న ఆమెకి బ్యాటరీ అంతర్నిరోధం గురించి చెబుతూనే ఉన్నారు. పాతబడ్డ కొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది, ఎక్కువ కరెంటు లాగినప్పుడు వోల్టేజీ లోపలే పడిపోతుంది, బయటికి రాదు. “ఇందాక అత్తయ్య లైట్ల ముందు నిలబడి చూసింది అదే” అన్నారు. అమ్మ గర్వంగా శాలువా సర్దుకుంది.

కింద మంచు విడిపోయి ఎండ కనబడింది. ఎనిమిదీ నలభైకి కాలేజీ గేటు ముందు ఉన్నాం. అమ్మాయి దిగి, “థ్యాంక్స్ అన్నయ్యా” అని రెండడుగులు పరిగెత్తి, మళ్లీ వెనక్కొచ్చి, “ఇంజిన్ ఆపకండి” అని చెప్పి లోపలికి పోయింది.

ఎండ చంపింది, చలి చెప్పింది

ఇంజిన్ ఆపకుండానే బ్యాటరీ షాపుకి వెళ్లాను. అతను ముందు మీటరు పెట్టి చూశాడు. ఇంజిన్ నడుస్తుండగా 14.1 వోల్టులు. అంటే ఆల్టర్నేటర్ బ్రహ్మాండంగా చార్జింగ్ ఇస్తోంది. తర్వాత ఇంజిన్ ఆపమన్నాడు. కాసేపాగి చూస్తే 12.3. “ఇది బానే ఉందే!” అన్నాను ఆశగా. అతను నవ్వి లోడ్ టెస్టర్ తగిలించి మీట నొక్కాడు. ముల్లు 8 కిందికి పడిపోయింది. లోడు పడ్డప్పుడు తొమ్మిదిన్నర పైన నిలబడాలి. “బతికే ఉంది, బరువు మాత్రం మొయ్యలేదు” అన్నాడు.

మరి రోజూ ఒక్క తిప్పుకే స్టార్ట్ అయ్యేది కదా? నాన్నా నేనూ షాపు బెంచీ మీద కూర్చుని లెక్క వేశాం. దొంగ దొరికాడు. మూడు నెలల క్రితం నేను ముచ్చటపడి పెట్టించుకున్న డాష్‌క్యామ్! కారు ఆగి ఉన్నా రికార్డు చేసేలా నేరుగా బ్యాటరీకి కలిపించాను. దాని పెట్టె మీద 300 మిల్లీ ఆంపియర్లని రాసి ఉంది. ఆదివారం సాయంత్రం నుంచి మంగళవారం పొద్దున్న దాకా ముప్పై ఆరు గంటలు. అంటే దాదాపు 11 ఆంపియర్ అవర్లు. మా బ్యాటరీ కొత్తలోనే 35. ఐదేళ్ల తర్వాత అందులో ఎంత మిగిలి ఉంటుందో చెప్పక్కర్లేదు. దానికి తోడు టెర్మినల్ వదులు. దానికి తోడు చలి. చలికి బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది. ఇచ్చేవాడు నీరసపడ్డ రోజే అడిగేవాడి ఆకలి పెరిగిందన్నమాట.

షాపతను ఇంకో మాట చెప్పాడు. బ్యాటరీని నిజంగా పాడుచేసేది చలి కాదట, మన ఎండలే. హైదరాబాద్, రాజమండ్రి వేసవులు ఏటా లోపల కొంచెం కొంచెం తినేస్తాయి. చలి ఆ సంగతి బయటపెడుతుంది. మైదానాల్లో దాక్కున్న జబ్బు కొండెక్కాక బయటపడింది.

కొత్త బ్యాటరీకి డబ్బు కట్టాను. నాన్న ఇప్పుడైనా ‘నేను చెప్పలేదా’ అంటారని ఎదురుచూశాను. అనలేదు. బిల్లు తీసుకుని మడిచి, జేబులో పెట్టుకుని, “గ్యారంటీ కాగితం, పారెయ్యకు” అన్నారు. “తప్పయిపోయింది నాన్నా, ముందే మార్చాల్సింది” అన్నాను నేనే. “కారు సంగతి సరే. ఇంకోసారి ఎవరి పిల్లకైనా మాటిచ్చే ముందు బండి చూసుకో” అన్నారు. నాకు అది చాలు.

ఈ చలికాలం లంబసింగో, అరకో, పాడేరో వెళ్లాలనుకుంటే ముందు రోజు పది నిమిషాలు కేటాయించండి. బ్యాటరీ వయసు చూడండి. నాలుగేళ్లు దాటితే లోడ్ టెస్ట్ చేయించండి, చాలా షాపుల్లో డబ్బులు కూడా తీసుకోరు. టెర్మినళ్లు చేత్తో కదిపి చూడండి, కదలకూడదు. 10 నంబర్ పానా, లావుపాటి జంపర్ వైర్లు డిక్కీలో పడేయండి. కారు ఒకటి రెండు రోజులు కదపకపోతే డాష్‌క్యామ్ వైరు పీకేయండి. ఇంకేం మర్చిపోయినా, స్టార్ట్ కాని కారుని పదేపదే తిప్పకండి.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి తుని దగ్గర భోజనానికి ఆగినప్పుడు ఫోన్ మోగింది. ఆ అమ్మాయి.

“రాశాను అన్నయ్యా. అంతర్నిరోధం మీద ఎస్సే వచ్చింది. మేస్టారుకి చెప్పండి.”

నాన్న చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఫోన్ లాక్కుని, ఎలా రాసింది, బొమ్మ వేసిందా లేదా అని ఐదు నిమిషాలు అడిగారు. నేను భోజనం ముగించి బయటికొచ్చి కారెక్కి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. అయినా ఇద్దరూ వచ్చి కూర్చునేదాకా ఇంజిన్ ఆపలేదు.